జాఫరానా నన్ను కొన్న రోజు

ఖైతాన్, కువైట్
సెప్టెంబరు 1990

అన్న మునాఫ్‌కు,

అస్సలాము అలైకుం. ఇక్కడ నేను ప్రాణాలతో ఉన్నాను. అక్కడ అమ్మ, నా బిడ్డ సైరా, వదిన, పిల్లలు క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను. నీ క్షేమం మాత్రం ఈసారి అడగడం లేదు.

ఈ ఉత్తరం తెస్తున్న షావలి నీకు తెలిసినవాడే. మన వీధి చివర టైలరు గారి అబ్బాయి, ఇక్కడ నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు. పోస్టు లేదు, ఫోన్లు లేవు. షావలి బస్సులో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోయి, అక్కడ మనవాళ్ళ విమానం ఎక్కి బొంబాయిలో దిగుతాడు. ఉత్తరం నీ చేతికి ఇవ్వొద్దని అతనికి చెప్పాను. అమ్మనూ సైరానూ కూర్చోబెట్టి, నీ ఎదుటే తను గట్టిగా చదవాలి. అమ్మకు చదువు రాదు. నువ్వు చదివితే నీకు నచ్చిన ముక్కలే వినిపిస్తావు.

నీ పోయిన ఉత్తరం ఈ గొడవలకు ముందే అందింది. అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను.

మామా నన్ను బాగా చూసుకుంటోందా అని అడిగావు. అమ్మ కోసం చెబుతున్నాను, మామా అంటే ఇంటి యజమానురాలు. పనిమనుషులంతా అట్లాగే పిలవాలి. మామా నా వీపు మీద ఇస్త్రీపెట్టె పెట్టిందని పోయిన ఏడాదే రాశాను. ఇంటికి వచ్చేస్తానని కూడా రాశాను. దానికి నువ్వు ఇచ్చిన జవాబు నాకు కంఠతా వచ్చు. "ఇంకో రెండేళ్ళు ఓర్చుకో. నీ తరఫున వీసా ఇచ్చిన కఫీల్‌కు నేను మాట ఇచ్చేశాను." వీపు నాది, మాట నీది.

ఆ ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉంటారని సైరా అడిగిందట. మేం బాబా అని పిలిచే నా కఫీల్, ఆయన భార్య మామా, వాళ్ళ పిల్లలు, నేను, ఒక ముసలామె. ఆ ముసలామె సంగతి చెప్పడానికే ఇంత ఉత్తరం రాస్తున్నాను. మధ్యలో లేచిపోకుండా విను.

ఆమె పేరు జాఫరానా. హైదరాబాదులో సిద్దీలను చూశాం కదా, వాళ్ళ తాతముత్తాతలను ఆఫ్రికా నుంచి తెచ్చారని చెప్పుకుంటారు. అట్లాంటి మనిషి. కాకపోతే ఈమెను తెచ్చింది తాతల కాలంలో కాదు. పాలపళ్ళు ఊడే వయసులో ఈమెనే తెచ్చారు. జాఫరానా అంటే కుంకుమపువ్వు. అది కొన్నవాళ్ళు పెట్టిన పేరు. బానిసలకు ఇట్లా సువాసనల పేర్లు, రత్నాల పేర్లు పెట్టేవాళ్ళట. మీ అమ్మ పెట్టిన పేరేమిటి అని ఒకసారి అడిగాను. "గుర్తుంది. నీకు చెప్పను. అదొక్కటే నాది" అంది.

ఆమె అంటే నాకు ఒళ్ళుమంట. నేనన్నా ఆమెకు అంతే. ఇంటి తాళంచెవులన్నీ ఆమె నడుముకే ఉండేవి. ఆమె కొలిచి ఇస్తేనే బియ్యం. పిల్లలు వదిలేసిన కోడి ముక్క నేను తిన్నానని మామాకు చెప్పి నన్ను కొట్టించింది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "నువ్వూ నాలాంటి పనిమనిషివే గదా, ఎందుకింత పొగరు నీకు?"

ఆమె చేపలు తోముతోంది. తల ఎత్తకుండానే అంది. "నీలాంటిదాన్నా? నన్ను ఎత్తుకొచ్చారు. ఏడ్చాను, కొరికాను. నిన్ను నీవాళ్ళే కొత్త బట్టలు కట్టి విమానం ఎక్కించారు. చెయ్యి కూడా ఊపి ఉంటారు."

నువ్వు చెయ్యి ఊపావు, అన్నా.

ఆగస్టు మొదట్లో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. మా ఇల్లు అబూ హలీఫాలో, సముద్రానికి దగ్గర. తెల్లారేసరికి ఒడ్డు రోడ్డంతా ట్యాంకులు. బాబా కొన్నాళ్ళు తటపటాయించాడు. తర్వాత ఒక పొద్దున పెద్ద బండిలో నీళ్ళు, పెట్రోలు, నగల పెట్టెలు సర్దించాడు. ఎడారి దారిన సౌదీలోకి దాటి దమ్మాంలో ఉన్న మామా చెల్లెలి ఇంటికి పోతున్నామన్నారు. నా పాస్‌పోర్టు మామా చేతిసంచీలోనే ఉంది. అడిగితే, "మేం తిరిగొచ్చేదాకా ఇల్లు ఎవరు చూస్తారు?" అంది.

జాఫరానా తన మూట కట్టుకుని, నల్లటి అబాయా వేసుకుని, బండి దగ్గర నిలబడింది. ఆమెను పిలవలేదని ఆమెకు తెలియదు. బాబా పుట్టినప్పుడు వాళ్ళమ్మకు జబ్బు చేస్తే, ఈమె తన బిడ్డ నోటి దగ్గర పాలు తీసి ఆయనకు పట్టిందట. ఆమె బిడ్డ ఆ ఏడే పోయిందట. మన మతంలో పాలిచ్చినామె తల్లితో సమానం, అది నీకు నేను చెప్పాలా?

"అమ్మా, బండిలో చోటు లేదు" అన్నాడు బాబా.

ఆమె లోపలికి చూసింది. వెనక సీటులో మామా పెంపుడు పిల్లి బుట్ట ఉంది.

"గరాజులో కొత్త కారు భద్రం" అని బాబా ఇంకో తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. సైనికులు ఎత్తుకుపోకుండా ఆ కారు చక్రాలు నాలుగూ ముందు రాత్రే ఊడదీసి ఎక్కడో పాతిపెట్టాడు. ఎక్కడో ఆమెకొక్కదానికే చెప్పాడు. బండి పోయింది. ఆమె మూట విప్పకుండా గేటు దగ్గరే ఎండలో కూర్చుంది. పాపం అనిపించలేదు నాకు. నాకు నవ్వొచ్చింది. రాస్తే రాశాను, అప్పుడు నా మనసు అట్లా ఉంది.

ఇద్దరమే మిగిలాం. కరెంటు వస్తే వచ్చినట్టు, నీళ్ళు లేనట్టే. రొట్టెల కోసం బారులో నిలబడితే సైనికులు ఆమెను చూసి "అబ్దా" అనేవాళ్ళు. అంటే బానిసది అని. ఈ దేశంలో బానిసత్వం తీసేసి ఎన్నో ఏళ్ళయింది, ఆ మాట మాత్రం పోలేదు. ఒకసారి బారులో నా వెనకున్నామె కూడా నన్ను పక్కకు నెట్టి, "ఆ అబ్దాతో వచ్చావుగా, వెనక్కు పో" అంది. జాఫరానా వెనక్కు తిరిగి ఆమె మొహాన ఉమ్మేసింది. ఆ రోజు రొట్టె దొరకలేదు. ఇద్దరం ఖర్జూరాలు తిన్నాం. అప్పుడే ఆమె నోరు విప్పింది.

"నన్ను ఇవే ఖర్జూరాల బస్తాలతో దించారు" అంది. పడవ అడుగున పిల్లలను పక్కపక్కనే పడుకోబెట్టేవాళ్ళట. జ్వరం వచ్చినవాళ్ళను సముద్రంలోకి దొర్లించేవాళ్ళట. ఒమాన్ ఒడ్డున ఒక ఇంట్లో కొన్నాళ్ళు ఉంచి, పళ్ళు చూసి, జుట్టు చూసి, నడిపించి చూసి అమ్మారట. తర్వాత ఈ ఇంటివాళ్ళే ఆమెను ఇంకో బానిసకు కట్టబెట్టారు. అతను ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు. చెవుల్లోంచి నెత్తురు కారేదట. తీసిన ముత్యం ఒక్కటీ అతనిది కాదు.

"ఆ తర్వాత విడుదల చేశారు గదా?" అని అడిగాను.

"చేశారు. బాబా నాయన నన్ను పిలిచి, నువ్విక స్వేచ్ఛగా ఉండొచ్చు అన్నాడు. సంతోషం అన్నాను. అయితే మధ్యాహ్నానికి చేపల పులుసు చెయ్యి అన్నాడు."

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఇప్పుడు చెప్పేది షావలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. అమ్మా, నువ్వు భయపడొద్దు, నేను బాగానే ఉన్నాను.

ఒక మధ్యాహ్నం గేటు విరగ్గొట్టుకుని సైనికులు వచ్చారు. వాళ్ళకొక ఆఫీసరు. ఇల్లంతా తిరిగి చూశాడు. గరాజు తలుపు పగలగొట్టి, చక్రాలు లేని కారును చూసి బూతులు తిట్టాడు. తర్వాత నన్ను చూశాడు. "ఈ ఇండియా పిల్ల మాతో వస్తుంది. క్యాంపులో వంటకు మనిషి కావాలి" అన్నాడు. ఏ వంటో అతని పక్కనున్నవాళ్ళ నవ్వులోనే తెలిసింది. ఒకడు నా జుట్టు పట్టుకున్నాడు. నేను వంటింటి తలుపు పట్టుకుని వదల్లేదు.

జాఫరానా వచ్చి మధ్యలో నిలబడింది. "ఆ పిల్ల నాది" అంది.

ఆఫీసరు నవ్వాడు. "అబ్దాకు ఇంకో అబ్దానా?"

"నవ్వుకో. ఆ కారు నీకు కావాలా? చక్రాలు ఎక్కడున్నాయో ఈ ఊళ్ళో నాకొక్కదానికే తెలుసు. పిల్లను తీసుకుపోతే నన్ను కాల్చినా చెప్పను. ముసలిదాన్ని, ఎట్లాగూ పోతాను. పిల్లను వదిలితే కారు తీసుకో, ఇల్లంతా తీసుకో." నడుము నుంచి తాళాల గుత్తి తెంచి అతని కాళ్ళ ముందు పడేసింది.

ఆఫీసరు ఆలోచించాడు. గరాజు వైపు చూశాడు, నా వైపు చూశాడు. అదొక బేరం, అన్నా. కారు ఒక పక్క, మన అమ్మ కన్న నేను ఒక పక్క. నా జుట్టు ఇంకా ఆ సైనికుడి చేతిలోనే ఉంది.

"ఖలాస్. చూపించు" అన్నాడు ఆఫీసరు.

"ముందు కురాను మీద చెయ్యి వెయ్యి" అంది.

వేశాడు. ఆమె వాళ్ళను పెరట్లోకి తీసుకుపోయి ఇసుకలో చోటు చూపించింది. సాయంత్రందాకా తివాచీలు, ఏసీలు, ఫ్రిజ్జులు, మామా వెండి సామాను, అన్నీ ట్రక్కుకు ఎక్కించారు. కారును నడుపుకుంటూ పోయారు. మాట మీద నిలబడ్డారు, అది అల్లా దయ.

ఇల్లు బోసిగా మిగిలింది. నేను గోడకు ఆనుకుని కూలబడ్డాను. ఆమె నా ఎదురుగా కూర్చుని నా చెంప మీద ఒక్కటి కొట్టింది. "విను. బాబా సొత్తుతో నిన్ను కొన్నాను. ఇప్పుడు నువ్వు నాదానివి. అవునా?"

అవునన్నాను.

"అల్లా పేరు మీద నిన్ను వదిలేస్తున్నాను. నువ్విక ఎవరిదానివీ కాదు. చేపలు వండమని కూడా అడగను. పో."

ఏమైనా జరిగిందా, పరువు పోయిందా అని నువ్వు షావలిని పక్కకు పిలిచి అడుగుతావని నాకు తెలుసు. ఏమీ జరగలేదు. జరిగి ఉన్నా నీకు చెప్పుకునేదాన్ని కాదు.

మర్నాడు షావలి నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. ఖైతాన్‌లో మనవాళ్ళ ఆడవాళ్ళంతా ఒక గదిలో ఉన్నారు, పాస్‌పోర్టు లేనివాళ్ళకు మన ఎంబసీవాళ్ళు ఊరు చేరడానికి కాగితం ఇస్తున్నారు అన్నాడు. జాఫరానాను కూడా రమ్మన్నాను. కాళ్ళు పట్టుకున్నాను. "ఎక్కడికి? మీ దేశానికా? అక్కడ ఎవరు కొనాలి నన్ను?" అంది. ఎప్పుడూ కాలు పెట్టనివ్వని మగవాళ్ళ హాల్లోకి పోయి, బాబా కూర్చునే చోట, వట్టి నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

నేను గడప దాటుతుంటే వెనక్కు పిలిచింది.

"నీ కూతురిని కూడా పంపిస్తామని మీ అన్న రాశాడని ఏడ్చావే, పిల్లకు ఏమవుతాడు వాడు?"

"మేనమామ" అన్నాను. అరబీలో ఆ మాట ఖాల్.

చాపిన కాళ్ళు ముడుచుకుంది. తర్వాత చెప్పింది. "నన్ను ఎవరూ ఎత్తుకురాలేదు. పడవ చూపిస్తాను రమ్మని మా ఖాల్ తీసుకుపోయాడు. ఆ ఏడు మా ఊళ్ళో కరువు. నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. దారంతా పాట పాడాడు. పడవలో దించి వెనక్కు తిరిగి చూడకుండా పోయాడు. ఇన్నేళ్ళూ దొంగలు ఎత్తుకొచ్చారనే చెప్పుకున్నాను. దొంగలైతే కొంచెం సిగ్గు తక్కువ."

ఆ మాట అని, "యల్లా, పో. ఈ గుమ్మం మళ్ళీ తొక్కకు" అని మొహం తిప్పుకుంది. ఆమెను అక్కడే వదిలి వచ్చాను. ఇరుగువాళ్ళు రొట్టె ఇస్తారో లేదో తెలియదు. అది నన్ను తొలుస్తూనే ఉంటుంది.

ఇక నీ ఉత్తరంలోని చివరి మాట. సైరాకు పదమూడు నిండాయి, పాస్‌పోర్టులో ఇరవై అయిదు వేయిస్తున్నాను, దమ్మాంలో మామా చెల్లెలి ఇంటికి పంపుతాను, మంచివాళ్ళు, తెలిసినవాళ్ళు అని రాశావు. ఇప్పుడు మామా కూడా ఆ ఇంట్లోనే ఉంది. ఆమెకు ఇప్పుడు పనిమనిషి లేదు. ఇస్త్రీపెట్టె ఆ ఇంట్లోనూ ఉంటుంది.

సైరా నాయన చనిపోయాక మాకు నీడ ఇచ్చావు. కాదనను. ఆ నీడకు కూలి నా వీపుతో ఇచ్చాను, ఇంకేమీ బాకీ లేను. సైరా పాస్‌పోర్టు కోసం పెట్టిన కాగితాలు షావలి ఎదుట చించెయ్యి. చించనంటే షావలి రాయచోటి పోలీసు స్టేషనులో ఈ ఉత్తరం మళ్ళీ చదువుతాడు. పిల్ల వయసు బడి రిజిస్టరులో ఉంది. కరువు వచ్చిందనో, పెళ్ళి చెయ్యాలనో, లోకమంతా పంపుతోందనో నాకు చెప్పకు. జాఫరానా మేనమామకు కూడా ఏవో కారణాలు ఉండే ఉంటాయి.

నా కాగితం రాగానే నేనూ బయలుదేరతాను. ఎన్నాళ్ళు పడుతుందో, దారిలో ఏముందో తెలియదు. నేను వచ్చేది నీ ఇంటికి కాదు. అమ్మా, నీకు ఎక్కడ ఉండాలనిపిస్తే అక్కడ ఉండు. నీ మీద నాకు కోపం లేదు.

సైరా, నా తల్లీ, షావలి మామయ్య చదవడం ఆపగానే నువ్వు లేచి నీ పుస్తకాలు తీసుకో. ఆయన వెంట మీ నాయన చెల్లెలు పర్వీన్ అత్త ఇంటికి పో. నేను వచ్చేదాకా అక్కడే ఉండి బడికి పో. ఎవరైనా ఏదైనా చూపిస్తానంటే, మంచి చోటికి తీసుకుపోతానంటే, వాళ్ళు నీ రక్తమైనా సరే, గట్టిగా కేకలు పెట్టు. కొరుకు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పొద్దని నేను నీకు నేర్పాను కదా, ఆ మాట వెనక్కు తీసుకుంటున్నాను. ఇప్పుడే లేచి చెప్పులు వేసుకో. మీ మేనమామ మొహం వైపు చూడాల్సిన పని లేదు. ఆయన్ను అడగాల్సిన పని లేదు.

ఇట్లు,
సైరా వాళ్ళ అమ్మ
జుబేదా బీ