గుహలాట పుస్తకాలు ఎవరికి చెందాలంటే

గుంటూరు జిల్లా సత్తెనపల్లిలో కాపురముంటూ, మిషను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఇమ్మానియేలు అనే నేను, ఎవరి బలవంతమూ ఎవరి బోధనా లేకుండా, నా చేత్తో నేను రాసుకున్న వీలునామా ఇది. గుండె బాగా లేదని గుంటూరు డాక్టరుగారు అన్నారు. బుర్ర మాత్రం బాగానే ఉంది. ముసలితనంలో ఈ పాచికలేమిటని నా బుర్రను శంకించేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు గనుక ఆ సంగతి ముందే రాస్తున్నాను.

1. నా స్వార్జితమైన పెంకుటిల్లు, దాని హద్దుల్లోని ఖాళీ స్థలం, బావిలో వాటాతో సహా, తాడేపల్లిలో టీచరుగా ఉన్న నా ఒక్కగానొక్క కూతురు రెబ్కాకు సర్వహక్కులతో చెందవలెను. అమ్ముకున్నా అద్దెకిచ్చుకున్నా ఎవరూ అడ్డు చెప్పరాదు. కుట్టుమిషను కూడా దానిదే. తెగిన బెల్టుకి వాళ్ళమ్మ పోకముందు వేసిన ముడి అలాగే ఉంది. నేను మార్పించలేదు, అమ్మాయి కూడా మార్పించకుండా ఉంటే సంతోషం.

2. మిరప రైతు, నా మిత్రుడు బుల్లయ్యను ఈ వీలునామా అమలుదారుగా నియమిస్తున్నాను. మనిషి నోరు పెద్దది, నెమ్మదిగా మాట్లాడటం రాదు, కానీ అన్నమాట మీద నిలబడతాడు. నా గొడుగు అతనికి చెందవలెను. ఎలాగూ అది రెండు వర్షాకాలాల నుంచి వాళ్ళింట్లోనే ఉంది.

3. ఇక గుహలాట. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్ళు తలా ఒక వేషం ఎంచుకుని ఆ కథలో తిరుగుతారు. తలుపు తెరుచుకుందా, కత్తి తగిలిందా అన్నది పాచిక తేలుస్తుంది. అమెరికా వెళ్ళిపోతూ ఒక మిషనరీ దొరగారి అబ్బాయి ఈ ఆట పెట్టె నాకిచ్చి పోయాడు. అందులోని పల్చటి పుస్తకాన్ని పాత పుస్తకం అంటున్నాను.

ఆదివారం గుడి అయ్యాక నేను కథ నడుపుతూ, అందరం బుల్లయ్య కళ్ళంలో ఆడేవాళ్ళం. ఎండబోసిన కాయలకి అతను కాపలా ఉండాలి కదా. రంగు పోయిన తాలుకాయలు రాక్షసులు, మంచి ఎర్రకాయలు మేము. ఆసుపత్రి నర్సు ఖుర్షిదా గారు డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చేవారు. ఆసుపత్రి దూది ముక్క కూడా ఇంటికి పట్టుకెళ్ళని మనిషి ఆటలో దొంగ వేషం ఎంచుకున్నారు. ఆ దొంగ పేరు చాందిని. తాళం తీయాల్సి వచ్చినప్పుడల్లా ఆవిడ చేతులు రుద్దుకునేవారు. ఆ చేతులు చూడటానికే నేను కథలో ఎన్ని తాళాలు పెట్టానో ఇప్పుడు రాస్తే తప్పులేదు.

కళ్ళంలో మిరప ఘాటుకి ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉండేవారు. పాచిక వేసేటప్పుడు తుమ్ము వినపడితే అది చెల్లదు, కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ వెయ్యాలని బుల్లయ్య రూలు పెట్టాడు. బయటికి వెళ్ళేటప్పుడు తుమ్మితే ఆగమా మరి? పాత పుస్తకం దీనికి అడ్డు చెప్పలేదు. సగం సంగతులు అది మాకే వదిలేసింది, మేం ఆ సగంలో హాయిగా కాపురం పెట్టాం.

4. సంఘపెద్ద ప్రేమదాసు మద్రాసు నుంచి ఇదే ఆటకి కొత్త పుస్తకం తెచ్చాడు. ఇటుకంత లావు. పుస్తకం నాది గనక కథ నేనే నడుపుతానన్నాడు, మేం సరేనన్నాం, నేనూ ఒక వేషం ఎంచుకున్నాను. ఒక ఆదివారం గుహ గుమ్మంలో రాక్షసుడు చాందిని మీద కత్తి దూశాడు. ప్రేమదాసు పాచిక వేశాడు, నేను తుమ్మాను. చెల్లదన్నాం. తుమ్ముల గురించి కొత్త పుస్తకంలో లేదనీ, శకునాలు విశ్వాసులకు తగవనీ అతను అక్కడే ప్రసంగం మొదలెట్టాడు. దెబ్బ తగిలిందన్నాడు. ఆటలో చాందిని ప్రాణం లెక్క సున్నాకొచ్చింది. సున్నా అంటే చావేనని అందరికీ అలవాటు గనక ఎవరూ పేజీ తిప్పలేదు. ఖుర్షిదా గారు నవ్వి, తన ఎర్రకాయ తీసి బుట్టలో వేసి, "సర్లెండి మాస్టారూ, ఇంక నాకు ఆదివారాలు ఖాళీ" అన్నారు. ఆ నెల్లోనే ఆవిడకి కనిగిరి బదిలీ అయింది. ఆట మళ్ళీ మొదలవ్వలేదు.

వీలునామాకి సాక్షిగా సంతకం పెట్టినవాడికి అందులో రాసిందేదీ దక్కదని వకీలుగారు చెప్పారు. అందుకే మొదటి సాక్షి ప్రేమదాసు.

5. ఆ కొత్త పుస్తకాన్ని నేను తిట్టని తిట్టు లేదు. చివరికి అతను విసుగెత్తి నాకే ఇచ్చేశాడు. మొన్న మంచం మీద ఉండి మొదటి నుంచి చదివాను. రాసినవాడికి ఓపిక ఎక్కువ. నేననుకున్నంత చెడ్డ పుస్తకం కాదు. అందులో సున్నా అంటే చావు కాదు, స్పృహ తప్పడం. పక్కనున్న వాళ్ళెవరైనా వెంటనే గాయానికి కట్టు కడితే బతుకుతారు. పాత పద్ధతిలో ఆడితే నా తుమ్ముకి ఆ దెబ్బే చెల్లదు. కొత్త పద్ధతిలో ఆడితే ఆ దెబ్బకి చావే లేదు. తుమ్ము కొత్తదాని ప్రకారం, చావు పాతదాని ప్రకారం లెక్కేసి, రెండూ కలిపి మేం ఆవిణ్ణి పంపించేశాం. కాబట్టి చాందిని చనిపోలేదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. పాత పెట్టె, కొత్త పుస్తకం, పాచికలతో సహా ఖుర్షిదా గారికి చెందవలెను. రెబ్కా గానీ, నా తరఫు వారెవరు గానీ ఆక్షేపించరాదు.

6. వీలునామా మనిషి పోయాకే అమల్లోకి వస్తుందట. ఈ అంశానికి అంతదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఆవిడ మీద నాకు బెంగగా ఉంది. ఆ మాట రాయడానికి సిగ్గుపడే వయసు దాటిపోయాను. అందుచేత బుల్లయ్య రేపు పొద్దున్నే కనిగిరి బస్సెక్కి, పై అంశం ఆవిడకి చదివించి, మళ్ళీ ఒక్క ఆదివారం కళ్ళానికి రమ్మని అడగవలెను. అరవకుండా అడగవలెను. రానంటే అయిదో అంశం యథాతథంగా చెల్లుతుంది. వస్తానంటే పుస్తకాలు కొన్నాళ్ళు నా దగ్గరే ఉంటాయి. ఆ రోజు గుహ గుమ్మంలో చాందిని పక్కనున్నది నా మనిషే. కట్టు కట్టాల్సింది వాడే. అప్పట్నించీ అక్కడే నిలబడి ఉన్నాడు.

చదువుకుని, సరిచూసుకుని, సాక్షుల ఎదుట చేవ్రాలు చేశాను.

సత్తెనపల్లి, 1987 మార్చి 22, ఆదివారం

(సం.) ఇమ్మానియేలు

సాక్షులు:
1. ప్రేమదాసు, సంఘపెద్ద
2. షేక్ బుడాన్, టైలరు