ఫొటోకు పేమెంట్

మాదన్నపేట,
శుక్రవారం

మేనేజర్ వీరరాఘవరావు గారికి సలాం.

మీ సీరియల్లో తండ్రి వేషం వేసిన మా తమ్ముడు మొయిన్ చనిపోయాక, కథలోనూ చనిపోయినట్లు చూపి అతని ఫొటోకు దండ వేశారు. ఆ ఫొటో కనిపించిన ప్రతి ఎపిసోడుకూ సగం పేమెంట్ పంపుతున్నారు. అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి.

మా ఇళ్లలో ఫొటోలకు దండలు వేయరు. మతిమరుపు వచ్చిన అమ్మీ అది చూసి, “మాషా అల్లా! నా కొడుక్కు సన్మానం చేసిండ్రు. ఇగ ఇంటికి రానీకి టైమ్ ఏడిది?” అంటోంది. నిజం చెప్పిన ప్రతిసారీ కొత్తగా ఏడ్చేది. చెప్పడం మానేశాను.

కథ కొత్త ఇంటికి మారుతోందని, ఫొటో ఇక ఉండదని విన్నాను. ఆ ఇంటి గోడకూ పెట్టించండి. పైసలు పంపకపోయినా సరే. నమాజు తర్వాత అమ్మీ పక్కన కూర్చుని నేనూ చూసుకుంటాను.

మొయిన్ పెద్దక్క