నా మాట, ప్రసాదుగారి గొంతు

పూజ్యురాలైన అక్కయ్యకు తమ్ముడు సూరిబాబు నమస్కరించి రాసేది.

ఇక్కడ నేను క్షేమంగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, బావగారూ, మీ అత్తగారూ, మేడ మీద మా వాటాలో శాంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అత్తగారి మోకాలి నొప్పి తగ్గిందో లేదో తప్పకుండా తెలియజేయి.

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాయవలసి వచ్చిందో ముందే చెబుతాను. ఇక్కడివారు నా ఉద్యోగాన్ని మరో రెండేళ్లు పొడిగిస్తామన్నారు. ఈ నెలాఖరులోగా అవుననో కాదనో చెప్పాలి. ఆ జవాబు శాంతకు చెప్పే ముందు నిన్ను ఒక్క మాట అడగాలి. ఫోనులో అడగవచ్చు గానీ, మన ఇంట్లో ఫోనుకు వచ్చిన సందేశాన్ని అది ఎవరి చేతిలో ఉంటే వారు పైకి చదివి అందరికీ వినిపిస్తారు. అందుకే అమలాపురం వస్తున్న స్నేహితుడి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఒక్కదానివే కూర్చుని చదువు.

ఇంగ్లండులో చలి ఇంకా వదలలేదు. ఐదు కాకుండానే వెలుగు పోతుంది. పని సవ్యంగా సాగుతోంది. పాత సినిమా రీళ్లలో చెడిపోయిన ధ్వనిని శుభ్రం చేయడమే నా పని కదా. బుసబుసలూ చిటపటలూ తీసివేయాలి, మాట్లాడే మనిషి ఊపిరి మాత్రం పోనివ్వకూడదు. భోజనానికి లోటు లేదు. పనసకాయ ఇక్కడ డబ్బాల్లో దొరుకుతోంది. పొట్టు చేసి ఆవ పెట్టాను గానీ, ఉప్పునీటిలో ఊరిన కాయ కావడం వల్ల మన కూర రుచి రాలేదు. ఆదివారాలు మాత్రం త్వరగా గడవవు. నువ్వు బెంగ పెట్టుకోకు, నేను బాగానే ఉన్నాను.

అడగవలసినది మీరందరూ చూసిన సినిమాను గురించి. కథ నీకు తెలిసినదే. అయినా నా మనసులో అది ఎలా నిలిచిపోయిందో నీకు తెలియాలి కనుక మళ్లీ చెబుతున్నాను. యుద్ధం రోజులు. చీకటి పడ్డాక ఏ కిటికీలోంచీ వెలుగు బయటికి రాకూడదని ఆంక్ష. ఆ వీధికి కాపలా కాసే బాధ్యత ఒక అమ్మాయిది. కాలికి దెబ్బ తగిలి సెలవు మీద వచ్చిన ఒక సైనికుడు ప్రతి సాయంత్రం తెర వేయకుండా దీపం వెలిగిస్తాడు. ఆమె వచ్చి తలుపు తట్టి కోప్పడుతుంది. ఆ కోపతాపాలే సినిమా అంతా. ఆమెకు అప్పటికే పెళ్లి కుదిరి ఉంది. ఆ పెళ్లికొడుకు ఎక్కడో ఓడ మీద ఉంటాడు. సినిమా మొత్తంలో అతను తెర మీదికి రాడు. అతని ఉత్తరాలు మాత్రమే వస్తాయి. చివరికి ఆమె దీపం మనిషినే చేసుకుంటుంది.

మేము బాగుచేసిన ఆ సినిమాను ఇక్కడ ప్రదర్శించినప్పుడు ద్వారం దగ్గర నిలబడి ప్రేక్షకుల అభిప్రాయాలు రికార్డు చేయడం నాకు అప్పగించారు. ఒక పెద్దావిడ, ఆ అమ్మాయి వీధి మొదట్లోకి రాగానే ఆ కిటికీ వైపే చూస్తుంది, అతను ఆర్పినా ఏదో ఒక వంకతో వెళ్లేది అన్నారు. చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన నవ్వుతూ, "ఆ ఓడవాడి ఉత్తరాలు రేడియోలో వాతావరణ వార్తల్లా ఉన్నాయి. వాటి కోసం ఏ ఆడపిల్ల కాచుకుని ఉంటుంది?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గదికి తిరిగి వచ్చాక, నేను శాంతకు రాసే సందేశాలు గుర్తుకు వచ్చాయి. మంచు పడింది, గాలి వీచింది, ఎండ కాసింది. ఈ ఉత్తరంలోనూ పైన చలి గురించి రాశాను. కొట్టివేయడం లేదు.

మన ఊరివారి అభిప్రాయాలు కూడా పంపుతానని నేనే మాట ఇచ్చాను. తెలుగు సబ్‌టైటిల్స్ నేనే రాశాను. ఎదురింటి ప్రసాదుగారు క్రికెట్ చూడటానికి కొన్న ప్రొజెక్టరు తెచ్చి మీ వరండా గోడకు దుప్పటి కట్టి సినిమా వేశారు. నువ్వు ఫోను పెట్టి మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేసి పంపావు. అంత శ్రద్ధగా చేసినందుకు కృతజ్ఞుణ్ణి. ఇక్కడివారికి మీ అభిప్రాయాలు అనువదించి వినిపించాను. ముఖ్యంగా బావగారిది.

"ఇందులో కథేటండి," అన్నారు బావగారు. "మన మామిడికుదురులో అయితే సాయంత్రం కరెంటు పోద్ది. ఈడి దీపమూ పోద్ది, ఆవిడ కోపమూ పోద్ది. పెళ్లి ఎక్కడవుద్ది?"

"కరెంటు పోతే మాత్రం?" అన్నారు మీ అత్తగారు. "ఆ గేసు బావి కాడ మంట ఎవరార్పుతారు నాయనా, ఊరంతా కనపడతాది. అది సరేగానీ, ఆ ఓడ మీదాయన ఎప్పుడొత్తాడంట?"

"ఆయన రాడండి. ఉత్తరాలే వత్తాయి," అన్నారు ప్రసాదుగారు.

"అయితే ఉత్తరాలకే ఇచ్చి చేసేత్తారా పిల్లని?"

అందరూ నవ్వారు. శాంత నవ్వలేదు. ఆమె నవ్వు ఎక్కడ ఉన్నా నేను గుర్తుపట్టగలను.

మీ అత్తగారు అంత వేగంగా అక్షరాలు చదవలేరని ప్రసాదుగారు సబ్‌టైటిల్స్ పైకి చదవడం మొదలుపెట్టారు. అది సహజమే, మర్యాద కూడా. ఆయనది నాటకాల్లో పద్యాలు పాడే గొంతు. మొదట ఉన్నది ఉన్నట్టు చదివారు. తర్వాత దీపం మనిషి మాటలకు మాత్రం అండీలు, ఆయ్‌లు కలపడం మొదలైంది. నేను ఆరు వారాలు కూర్చుని ఒక్కొక్క మాటనూ తూచి రాశాను. ఆ మాటలన్నీ ఆయన గొంతులోంచి, మీ ఇంటి వరండాలో, నా భార్యకు రెండు మూరల దూరంలో పలికాయి. అక్కయ్యా, నీ దగ్గర దాచేదేముంది, నాకు చాలా ఈర్ష్య కలిగింది. ఆయన మంచి మనిషి. మీ మోటారు చెడితే అడగకుండానే వచ్చి బాగుచేస్తారు. తన చెరువు పట్టినప్పుడు మీ ఇంటికి రొయ్యలు పంపుతారు. ఆయన ఏ తప్పూ చేయలేదని నాకు తెలుసు. తెలిసినా ఈర్ష్య తగ్గలేదు.

ఆ సబ్‌టైటిల్స్‌లో ఒక వాక్యం సినిమాలో లేదు. దీపం ఎందుకు ఆర్పలేదని ఆమె అడిగినప్పుడు అతను అసలు భాషలో ఏదో తేలికైన హాస్యం ఆడతాడు. దాని బదులు నేను, "మీరు వచ్చి కోప్పడతారనే ఆర్పలేదు," అని రాశాను. పెళ్లయిన కొత్తలో అమలాపురంలో అద్దెకున్నప్పుడు, వసారా లైటు ఆర్పడం మరిచిపోతున్నానని శాంత రోజూ కోప్పడేది. ఒకరోజు నేను ఆమెతో అన్న మాట అది. ఆమె చేతిలో కాఫీ గ్లాసు ఉంది. ముందు గ్లాసు కింద పెట్టి, ఆ తర్వాత నవ్వింది. గ్లాసు చేతిలో ఉండగా నవ్వితే ఒలుకుతుందని ఆమె భయం. ఇప్పటికీ అంతేనని నువ్వూ చూసే ఉంటావు. ఆ వాక్యం చూడగానే ఆమె గుర్తుపడుతుందని ఆశపడి రాశాను.

మీరు చూసిన మర్నాడు శాంతను ఫోనులో సినిమా ఎలా ఉందని అడిగాను.

"బాగుందండి. ప్రసాదుగారు భలే చదివేరు," అంది.

"మాటలు?"

"మాటలూ బాగున్నాయండి. పాలాయన వచ్చేడు, మళ్లీ చేత్తాను."

ఆ మీదట నేను చేసిన పని వింటే నవ్వుతావు. నీ రికార్డింగును, అరిగిన రీలును శుభ్రం చేసినట్టే శుభ్రం చేశాను. ముందు ఫ్యాను మోత తీశాను, తర్వాత కప్పల అరుపులు తీశాను. ఆ చోటుకు వచ్చేసరికి ప్రసాదుగారు, "తవరొచ్చి నాలుగు తిడతారనేనండి, ఆర్పలేదు, ఆయ్," అని చదివారు. వరండా అంతా నవ్వింది. ఆ నవ్వులన్నీ ఆగిన తర్వాత శాంత ఒక్కతే నవ్వింది. ఆమె గబగబా చదవగలదు. తెర మీది మాటకే నవ్వి ఉంటే అందరికంటే ముందు నవ్వాలి. అందరి తర్వాత నవ్వింది కనుక ఆ నవ్వు నా మాటకు కాదు, ఆయన గొంతుకేనని తేల్చుకున్నాను. రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడోసారి విన్నప్పుడు ఇంకొకటి వినిపించింది. అక్షరాలు తెర మీదికి వచ్చాయి, ప్రసాదుగారు ఇంకా నోరు తెరవలేదు. ఆ సందులో గచ్చు మీద ఎవరో ఒక స్టీలు గ్లాసు పెట్టారు. మెల్లగా, చప్పుడు కాకుండా పెట్టాలని చూసినట్టుగా పెట్టారు. అది ఎంత శుభ్రం చేసినా గ్లాసు చప్పుడే గానీ, ఏ చేతిదో నా యంత్రాలు చెప్పలేవు.

నీ ఫోను ఏ పక్కన పెట్టావు? ఆ పక్కన గ్లాసు పట్టుకుని కూర్చున్నది ఎవరు? నేను అడగదలచినది ఇంతే. శాంతను మాత్రం అడగవద్దు. అడిగితే నేను దొంగచాటుగా విన్నానని బాధపడుతుంది. నీకు గుర్తుంటే చెప్పు, లేకపోతే ఊహించి చెప్పవద్దు.

నీ జవాబు ఏదైనా, నా జవాబు నిశ్చయించుకున్నాను. రెండేళ్ల పొడిగింపు వద్దని ఈ శుక్రవారం చెబుతాను. మద్రాసులో నేను పనిచేసిన పాత స్టూడియోవారు రమ్మంటున్నారు. జీతం తక్కువే. అయినా శనివారం రాత్రి బండెక్కితే ఆదివారం మీ వరండాలో ఉంటాను. ఓడ మీదాయన ఎప్పుడొస్తాడని మీ అత్తగారు మళ్లీ అడిగితే, ఎండలు ముదిరేలోగా వస్తాడని చెప్పు.

ఈ ఉత్తరం తెచ్చే స్నేహితుడు పదిహేను రోజుల్లో తిరిగి వస్తాడు. వీలైతే అతని చేత కొద్దిగా గుమ్మడి వడియాలు పంపు. బావగారికీ, మీ అత్తగారికీ నా నమస్కారాలు. ప్రసాదుగారికి కూడా నమస్కారాలు చెప్పు. బాగా చదివారని నేను అన్నట్టే చెప్పు, అది నిజమే. నన్ను ఎప్పటిలాగే దీవించు.

నేను వస్తాను. అది నిశ్చయం. ఆ గ్లాసు శాంతదేనా అన్నది మాత్రం నాకు తెలియదు.

నీ తమ్ముడు
సూరిబాబు