గాలి ప్యాకెట్ల కొట్టు

ఆదివారం, మిట్టమధ్యాహ్నం
కొట్లో, బేరాల్లేని వేళ

పూజ్యులైన తాతయ్యగారికి,

ఆపరేషన్ అయిన కుడి మోకాలికి ఒక నమస్కారం. దాని బరువు కూడా తనే మోస్తున్న ఎడమ మోకాలికి రెండు. మిగిలినవి అత్తయ్యా మామయ్యా పంచుకుంటారు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ ఆస్పత్రి డ్యూటీలో, నాన్న బస్సు స్టీరింగు దగ్గర, నేను గల్లాపెట్టె వెనకాల ఉన్నాం. మీరు కోపంలో ఉన్నారని ఉత్తరం చూసి తెలుసుకున్నాం.

ముందుగా నా క్షమాపణలు స్వీకరించండి. ఇవి చిల్లర క్షమాపణలు కావు, టోకున సమర్పిస్తున్నాను. గోధుమలు పిండి అయినందుకూ, ఆ పిండి కవర్లో దూరినందుకూ క్షమించండి. బంగాళాదుంప కాగితమంత పలచగా తరిగించుకుని, ఉప్పూ కారం పూసుకుని, గాలి నింపిన సంచిలో పడుకున్నందుకు క్షమించండి. మనుషులు పనిలోంచి బయటపడే వేళకి వాళ్ళ ఓపిక వాళ్ళకంటే ముందే ఇంటికెళ్ళి పడుకుంటున్నందుకు క్షమించండి. రోజుకి ఇరవైనాలుగు గంటలే చాలనుకున్న ఆ మహానుభావుడెవరో, ఆయన తరఫున కూడా నేనే చేతులు జోడిస్తున్నాను. వాణిజ్యశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవాణ్ని కదా, లోకంలో ఏది అమ్ముడుపోయినా బాధ్యత నాదే.

ఇక అసలు సంగతి. ఒకటో తారీఖున వచ్చి తాళాలు తీసుకుంటానని రాశారు. కొట్టుని సెల్‌ఫోన్లు బాగుచేసేవాడికి అద్దెకిస్తానన్నారు. గాలి అమ్ముకోడానికి డిగ్రీ ఎందుకురా, సైకిలు పంపు చాలదా అని కూడా అడిగారు. ఆ వాక్యం నాన్నకి చదివి వినిపించాను. ఆయన అంతగా నవ్వి చాలాకాలమైంది. మీకు మా ఇద్దరి ధన్యవాదాలు.

కానీ తాతయ్యా, తాళాలివ్వను.

ఉద్యోగం దొరక్క ఇక్కడ కూర్చున్నానని మీరనుకుంటున్నారేమో. దొరికింది. ఒక ఆఫీసులో కుర్చీ ఇచ్చారు, గిరగిరా తిరిగే కుర్చీ. నెలంతా తిరిగినా ఒక్క మనిషి ముఖం కనపడలేదు. ఇక్కడ మీ మూడుకాళ్ళ స్టూలు తిరగదు సరికదా, కదిలితే పడేస్తుంది. అయినా దానిమీద కూర్చుంటే వీధి వీధంతా నా ముందుకొచ్చి, తన సంగతులు తనే చెప్పుకుని పోతుంది. నేను దిగను. మీరు ఒకటో తారీఖున మోకాళ్ళతో వచ్చినా సరే, పోలీసులతో వచ్చినా సరే.

మీకు వార్త చేరవేసింది రేడియో పెద్దమ్మ అని తెలుసు. ఆవిడ ప్రసారాలకి అత్తయ్య ఊరు కూడా అందుతుందని ఇప్పుడే తెలిసింది. కొట్టు నిండా గాలి ప్యాకెట్లే, బస్తాలు మూలన పడ్డాయి, మీ మనవడు వీధిలో పిల్లల్ని పాడుచేస్తున్నాడు అని చెప్పింది కదా? కంపెనీవాళ్ళు పెట్టిన ఫ్రిజ్ కూడా మాయమైందని చెప్పే ఉంటుంది. అది రిపేరుకి వెళ్ళింది. అందులోంచి అర్థాలు లాగకండి.

ఇప్పుడు విచారణ జరుపుదాం. మన కొట్లో మొట్టమొదటి ప్యాకెట్ వేలాడదీసిన చెయ్యి ఎవరిది?

తమరిది.

నాన్నమ్మ ఆస్పత్రిలో ఉన్న ఆ వేసవి గుర్తుందా? మీకు టీ తప్ప మరో వంట రాదు. ఎక్కణ్ణుంచో బిస్కెట్ల పెట్టె ఒకటి మోసుకొచ్చారు. పొద్దున టీలో బిస్కెట్లు, మధ్యాహ్నం బిస్కెట్లలో టీ. నాన్నమ్మ తిరిగొచ్చి, నా బుగ్గలు చూసి, వీణ్ని ఏం పెట్టి పెంచావయ్యా అని మిమ్మల్ని అడిగింది. మీరు మాట మార్చి, మిగిలిన ప్యాకెట్లని కొట్లోకి తీసుకెళ్ళి, స్టూలెక్కి, దూలం పక్కన ఒక మేకు కొట్టి తగిలించారు. ఆ మేకు ఇంకా ఉంది. అంత ఎత్తున ఎందుకు కొట్టారని అడిగితే, కావలసినవాడు అడుగుతాడు, అక్కర్లేనివాడికి కనపడనక్కర్లేదు అన్నారు. వ్యాపారానికి ఇంతకంటే పనికిమాలిన సూత్రం మా పాఠ్యపుస్తకాల్లో లేదు.

తర్వాత ఎదురుగా ఉన్న పిండిమర మూతపడింది. అది నేను మూయించానా? గోధుమలు కొన్నవాళ్ళు వాటిని ఎక్కడ ఆడించుకుంటారు, దవడల్లోనా? అందుకని కవర్లో పిండి వచ్చింది. పిండి వచ్చాక, దాన్ని పిసికే ఓపిక లేనివాళ్ళకి చేసిపెట్టిన రొట్టె వచ్చింది. రొట్టెలోకి ఏం నంచుకోవాలో తెలియక సీసాలో జామ్ వచ్చింది. ఒకదాని చెయ్యి పట్టుకుని ఒకటి గుమ్మం దాటాయి తాతయ్యా, పెళ్ళివారిలా. పిలిచింది ఒకర్నే, దిగింది ఊరంతా.

ఇక రేడియో పెద్దమ్మగారి విషయం. ఆవిడ మేడమీద ఉన్న రెండు పెద్ద గదుల్ని చెక్క అడ్డాలు పెట్టి అగ్గిపెట్టెలు చేసి అద్దెకిచ్చింది. గోడలు మసిబారతాయని పొయ్యి నిషేధించింది. నీళ్ళు కాచుకునే కెటిల్‌కి మాత్రం అనుమతి. ఆ గదుల్లో ఉండేవాళ్ళు నా దగ్గరికొచ్చి కప్పు నూడుల్స్ కాక మరేం అడుగుతారు? సెక్యూరిటీ పని చేసే కుర్రాడొకడు, అన్నా, కెటిల్లో పప్పు ఉడుకుతుందా అని అడిగాడు. ఉడకదురా అన్నాను. నమ్మలేదు. నా దగ్గరే పప్పు కొనుక్కెళ్ళి ప్రయత్నించాడు. పప్పు ఉడకలేదు, కెటిల్ ఉడికింది. మర్నాటి నుంచి వాడూ కప్పు నూడుల్సే. ఇవన్నీ చూస్తూ పెద్దమ్మ నా గుమ్మంలో నిలబడి, ఈ కాలం పిల్లలకి వండుకునే బుద్ధి ఏదీ అని బుగ్గలు నొక్కుకుంటుంది. ఆ మాట అంటూనే సూప్ పొడి రెండు ప్యాకెట్లు చీరకొంగులో దాచుకుని పట్టుకెళ్తుంది. అవి పిల్లి కోసమట. పిల్లి టమాటా సూప్ తాగడం నేనెక్కడా వినలేదు.

మన ఇల్లు మాత్రం తక్కువ తిందా? అమ్మకి రాత్రి డ్యూటీలు పడ్డ రోజుల్లో నా పరీక్షలు నడిపింది ఏమిటనుకున్నారు? నూడుల్స్. నాన్న సీటు కింద ఏముంటుందో చూశారా? కేకు ముక్కల ప్యాకెట్. బస్సు ఆపి భోజనం చేస్తే వెనక ప్రయాణికులు ఆయన్నే భోంచేస్తారు. బొమ్మలు నేర్పిన మన డ్రాయింగు మాస్టారికి పళ్ళన్నీ పోయాయి, వండిపెట్టే మనిషి పోయింది. క్రీము బిస్కెట్ పాలల్లో నానబెట్టుకుని, అదే రాత్రి భోజనం అంటాడు. ఆయన ముందు నిలబడి, మాస్టారూ, ఇది ఆరోగ్యానికి హానికరం అని మీరు చెప్పండి. నాకు నోరు రాదు. అందులో ఏం కలుస్తుందో నాకూ తెలియదు. కవరు వెనక చిన్నచిన్న అక్షరాలు పూర్తిగా చదివి, డిగ్రీలో రసాయనశాస్త్రం తీసుకోనందుకు చింతించాను. మంచిదని నేను అనడంలేదు. కానీ ఆ చేతులు ఎందుకు దానివైపు వస్తున్నాయో అడక్కుండా, వచ్చిన చేతిమీద కొట్టేవాణ్ని నేను కాను.

పిల్లల్ని పాడుచేయడం గురించి. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే అక్క ఉంది కదా, ఆమె కూతురు, మనం పిడుగు అని పిలిచేది. రోజూ సాయంత్రం బడి నుంచి ఇంటికెళ్తూ ఆ పిల్ల మన కొట్టు ముందు స్తంభంలా పాతుకుపోతుంది. వేలాడే చిప్స్ ప్యాకెట్ల దండ పట్టుకుని ఊగుతుంది. వాళ్ళమ్మ లాగుతుంది, ఇది ఏడుస్తుంది, వీధి చూస్తుంది, చివరికి ఒక ప్యాకెట్ తెగుతుంది. మొన్నొకరోజు ఆ అక్క పిల్లని వదిలి ఒక్కతే వచ్చింది. పోట్లాటకే అనుకుని నేను స్టూలు సర్దుకున్నాను. పోట్లాడలేదు. తమ్ముడూ, ఆ దండలు కాస్త పైకి కట్టవా, పొద్దస్తమానం మెషిన్‌తో పోట్లాడి వస్తాను, దీంతో పోట్లాడే ఓపిక నాకు మిగలడంలేదు అంది.

నేను పట్టభద్రుడి హోదాలో జవాబిచ్చాను. అక్కా, వినియోగదారుడికి ఎంచుకునే స్వేచ్ఛ ఉంటుంది, దాన్ని మనం గౌరవించాలి అన్నాను.

ఆ వినియోగదారుడికి ఇంకా పాలపళ్ళే ఊడలేదయ్యా అంది.

ఇంత ఉప్పు కొనుక్కుని వెళ్ళిపోయింది. వాదనలో నెగ్గింది నేనే అని నా అభిప్రాయం.

కాబట్టి తాతయ్యా, తుది తీర్పు. మీ ఆరోపణలన్నీ కొట్టివేయడమైనది. కాలం మారిందనే పాతపాట నేను పాడటంలేదు. పిండిమర మారింది, గదులు మారాయి, షిఫ్టులు మారాయి, పళ్ళు రాలాయి. సంచి పట్టుకుని వచ్చే మనిషి మారి వచ్చాడు, వచ్చినవాడికి నేను అమ్మాను. మీరు ఈ కొట్టు సెల్‌ఫోన్లవాడికిచ్చినా వీధిలో ఎవడూ గోధుమలు విసురుకోడు. ఇంకో కొట్లో ఇవే ప్యాకెట్లు కొనుక్కుంటాడు, కాకపోతే అక్కడ మీరు పెంచిన మాటకారి మనవడు ఉండడు. నేను ప్యాకెట్లు తియ్యను. స్టూలు దిగను. తాళాలివ్వను.

ఇంకొక్క మాట. కంపెనీ ఫ్రిజ్ పెట్టడానికి పల్లీలు వేయించే మూల ఖాళీ చేయించానని అలిగి, తాళాలు నా ముఖాన పడేసి, ఇసుకలో పల్లీలు వేయించే ఆ పెద్ద మూకుడు మాత్రం బట్టల సంచిలో పెట్టుకుని ఆపరేషన్‌కి వెళ్ళారు. మోకాలికీ మూకుడుకీ సంబంధమేమిటో డాక్టరు కూడా తలబద్దలుకొట్టుకుని ఉంటాడు. అది అత్తయ్య మంచం కింద ఉందని నాకు సమాచారం ఉంది. ప్రసారాలు ఇటునుంచి అటే కాదు, అటునుంచి ఇటు కూడా వస్తాయి.

మందులు వేళకి వేసుకోండి. అత్తయ్య నడవమన్నప్పుడు నడవండి. నన్ను తిట్టడానికి బలం కావాలి.

ఇట్లు,
తమరి స్టూలు మీద తమరిలాగే మొండిగా కూర్చున్న
మనవడు

తా.క.: పైన టోకున చెప్పిన క్షమాపణల్లో ఒక్కటీ నాది కాదు. నాది ఇక్కడ విడిగా కట్టాను.

మీరు వెళ్ళాక కంపెనీ ఏజెంటు దండలు తెచ్చాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడే, వాడు. వాడు వాటిని మన ముఖాల ఎత్తున కట్టబోయాడు. ఇంకా కిందికి కట్టు, కొనిపించేవాళ్ళు పొట్టిగా ఉంటారు అన్నది నేను. వాడు చెప్పలేదు, కంపెనీ చెప్పలేదు, పుస్తకంలో లేదు. నాకే తట్టింది. వాడు శభాష్ అని నా భుజం తట్టి, పక్కవీధి కొట్లలో కూడా అలాగే కట్టించాడు. ఆ రోజు నేను విజిల్ వేసుకుంటూ ఇంటికెళ్ళాను.

ఆ అక్క ఉప్పు కొనుక్కుని వెళ్ళాక, కింద పడ్డ పెన్ను మూత కోసం బల్ల ముందువైపుకొచ్చి మోకాళ్ళమీద వంగాను. తలెత్తి చూస్తే, పిడుగు ఎత్తు నుంచి మన కొట్లో బస్తాలు లేవు తాతయ్యా. పప్పుల డబ్బాల్లేవు, కాటా లేదు, స్టూలు మీద మనిషి లేడు. గలగలలాడే రంగుల గోడ ఒక్కటే ఉంది. స్వేచ్ఛ అన్నాను కదా, అక్కణ్ణుంచి ఎంచుకోడానికి ఇంకోటి కనపడలేదు.

దండలన్నీ విప్పి మీ మేకుకి తగిలించాను. ఏజెంటు వచ్చి తలెత్తి చూశాడు. వాడు నవ్వకుండా ఉండటం అదే మొదటిసారి. కిందికి దించుతావా, ఫ్రిజ్ తీసుకెళ్ళమంటావా అన్నాడు. తలుపు వెడల్పు చూసుకుని జాగ్రత్తగా తీసుకెళ్ళు, గోడ గీసుకుంటుంది అన్నాను. రిపేరు అంటే అదీ. రిపేరు జరిగింది ఫ్రిజ్‌కి కాదు.

దండలు పోయి ఖాళీ అయిన చోట, కింద వరసలో, మీ పల్లీల గాజు జాడీ పెట్టాను. పల్లీలు నేనే వేయించాను, అమ్మ కూర గిన్నెలో. సగం మాడాయి, సగం పచ్చిగా ఉన్నాయి. నిన్న సాయంత్రం పిడుగు వచ్చి దండల కోసం చూసింది, కనపడలేదు. జాడీ కనపడింది. ఒక పల్లీ కొరికి, మాడిపోయింది మామా అంది. ఉమ్మేస్తుందనుకున్నాను. ఇంకోటి ఇమ్మంది, అది కూడా మాడిందో లేదో చూస్తుందట.

ఒకటో తారీఖున తప్పకుండా రండి. తాళాలివ్వను. మూకుడు మాత్రం మర్చిపోకుండా తీసుకురండి.