తీసేయాల్సిన స్నాప్‌షాట్

పొన్నూరు,
ఆగస్టు 9

మాలిక్‌కు,

నిన్న ఫోను మధ్యలో పెట్టేశాను, ఏమీ అనుకోకు. ఇంట్లో కంప్యూటరులో చర్చి రిజిస్టరు నడిచే వర్చువల్ మిషన్‌కు పదకొండు రోజులుగా బ్యాకప్ కావడం లేదు. నువ్వు చెప్పినవన్నీ వరసగా చేశాను. మిషన్ ఆపి మళ్లీ వేశాను, కేబుల్ మార్చాను. రోజూ డిస్కులో చోటు చాలదనే చూపిస్తోంది.

"పాత స్నాప్‌షాట్ ఒకటి ఉండిపోయింది వదినా, ఒకనాడు మిషన్ ఎలా ఉందో అలా పట్టి ఉంచినది. అప్పట్నుంచీ చేసిన మార్పులన్నీ దానిమీదే పేరుకుంటున్నాయి. డేటా ఏం పోదు. మీరు ఊఁ అంటే ఇక్కణ్ణుంచే లేపేస్తా," అన్నావు. అక్కడే ఫోను పెట్టేశాను.

ఆ స్నాప్‌షాట్ ఉందని నాకు మొదటినుంచీ తెలుసు, నీకు చెప్పలేదు. మీ అన్నయ్య ఆసుపత్రికి బయలుదేరే ముందు అప్‌డేట్ వేస్తూ, ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికని తీసి ఉంచారు. దాని కింద ఇలా రాశారు: "ఎవరూ ముట్టుకోవద్దు. తిరిగి వచ్చాక నేనే తీసేస్తాను." మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేసేటప్పుడు మీరిద్దరూ అలాగే రాసిపెట్టేవారట కదా.

ఏడాదిన్నర అయింది. సమాధుల రిజిస్టరులో ఆయన పేరు నేనే ఎక్కించాను. దీన్ని మాత్రం తీసేయలేకపోయాను. ఇంట్లో ఆయన వస్తానని రాసి ఉన్నది ఇదొక్కటే.

కానీ నలభై ఏళ్ల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు అందులో ఉన్నాయి. నా కోసం అవి పోకూడదు. తీసేద్దాం. అక్కణ్ణుంచి మాత్రం చేయకు. శనివారం వచ్చి, నా పక్కన కూర్చుని చెయ్యి. అయిపోగానే లేచి వెళ్లిపోకు, భోజనం చేసి వెళుదువుగాని.

నీ వదిన