కారని కుళాయిలు

ప్రియమైన నాన్నకి,

ఈ ఉత్తరం ఇవాళే రాయాలి. కుళాయిలు తయారుచేసే కంపెనీ ఒకటి మన ఊరికి వస్తోందని రేపు పొద్దున మున్సిపల్ ఆఫీసులో ప్రకటిస్తారు. ఆ మాట నువ్వు ఏ లారీ డ్రైవర్ నోటో వినడం నాకు ఇష్టం లేదు. ఫోన్ చేద్దామంటే, ఇన్నేళ్ళు మిషన్ల హోరులో పనిచేసిన నీ చెవులకి సగమే వినపడుతుంది. ఇది సగం వినాల్సిన కబురు కాదు.

మన పెన్సిళ్ళ ఫ్యాక్టరీ షెడ్డులోనే పెడుతున్నారు. అది మూతపడ్డాక పని కోసం నువ్వు కిందికి బస్సెక్కిన రోజు నాకు బాగా గుర్తు. ఆ తర్వాత అందులో పావురాలే కాపురం ఉన్నాయి. షెడ్డు చూపించే పని ఆఫీసులో నాకు అప్పగించారు. ముందురోజు సాయంత్రం నేనూ అటెండరూ కలిసి ఊడ్చాం. కంపెనీ మేనేజరమ్మ లోపలంతా తిరిగి చూసి, "షెడ్డు బాగుంది, కరెంటుంది, నీళ్ళున్నాయి. మనుషులేరమ్మా? పని వచ్చినవాళ్ళంతా ఎప్పుడో కొండ దిగిపోయారు కదా" అంది.

"దిగినవాళ్ళకి ఎక్కడం కూడా వచ్చండీ" అన్నాను. మా సూపరింటెండెంట్ గారు దగ్గారు. ఆవిడ మాత్రం నవ్వింది.

ఒప్పందం ఇది. మొదటి జట్టు పనివాళ్ళని కింద మైదానం నుంచి వాళ్ళే తెచ్చుకుంటారు. వాళ్ళు ఈ చలికాలం గడిచేదాకా ఇక్కడ నిలబడితే రెండో షెడ్డు కడతారు, మరింతమందికి పని దొరుకుతుంది. నిలబడకపోతే మిషన్లు విప్పుకుని వెళ్ళిపోతారు. అందుకే మన వీధి చివరి క్వార్టర్లకి సున్నం వేయించాను, కిటికీలు బాగుచేయించాను, ప్రతి గదిలోనూ రెండేసి కంబళ్ళు పెట్టించాను.

అమ్మకి చెబితే, "కాగితం మీద సంతకం నీదేనా?" అంది. కమిషనర్ గారిది, కాగితం మాత్రం నేను తయారుచేశాను అన్నాను. "అయితే నీదే" అని, గోడవతల పిన్నికి ఆ ముక్కే చేరవేసింది.

రెండో షెడ్డులో నువ్వు నడిపేలాంటి లేత్ మిషన్లు కూడా ఉంటాయట. ఊరికే చెబుతున్నాను.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

నీ కూతురు


మా ఆఫీసరమ్మకి నాన్న రాయించే ఉత్తరం.

చిట్టితల్లీ, నీ ఉత్తరం మన పొడుగు చదివాడు. ముందు నాకు చదివాడు, తర్వాత గదిలో అందరికీ చదివాడు, ఆ తర్వాత నేనే మెస్సుకి తీసుకెళ్ళి బల్ల దగ్గర నిలబెట్టి చదివించాను. మా ఫోర్‌మన్ తినడం ఆపి, "మీ అమ్మాయి ఏం చదివిందయ్యా?" అని అడిగాడు. మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ చదవనిదంతా చదివింది సార్ అన్నాను.

(అమ్మాయ్, నేను పొడుగు బాబాయిని. మీ నాన్న పక్క మంచం నాది. ఆ మాట ఈయన అప్పటినుంచి రోజుకోసారి అంటున్నాడు. అడక్కపోయినా అంటున్నాడు.)

ఆ షెడ్డు వెనక తలుపు కింద నుంచి కొండగాలి కొడుతుంది. పెన్సిళ్ళ రోజుల్లో మేం గోనెసంచులు కుక్కేవాళ్ళం. మీ మేనేజరమ్మతో చెప్పి ఆ సందు పూడ్పించు. రెండు కంబళ్ళు చాలవు, మూడు పెట్టించు. కిందివాళ్ళకి మన చలి తెలీదు.

లేత్ మిషన్ల సంగతి రాశావు. సంతోషం. ఊళ్ళో కుర్రాళ్ళకి పనికొస్తాయి.

అమ్మని అడిగానని చెప్పు.

నాన్న


ప్రియమైన నాన్నకి,

జవాబు ఆలస్యమైనందుకు కోప్పడకు. రాయడానికి మంచి కబురు ఉంటుందేమోనని ఆగాను, లేదు.

పనివాళ్ళు వెళ్ళిపోతున్నారు. మొదట వెల్డర్ వెళ్ళాడు. తర్వాత పాలిష్ పట్టే అన్నదమ్ములిద్దరూ ఒకే బస్సులో వెళ్ళారు. చలికి తట్టుకోలేకపోతున్నారనుకుని మూడో కంబళి ఇప్పించాను, హీటర్లు పెట్టించాను. మధ్యాహ్నమే వీధి మీద కొండ నీడ పడితే వాళ్ళకి దిగులేస్తుందేమోనని దీపాలు పెందలాడే వేయిస్తున్నాను. నువ్వు చెప్పిన తలుపు సందు కూడా పూడ్పించాను. అయినా మొన్న ఇంకొకరు పెట్టె సర్దుకున్నారు, కుళాయిలకి నీళ్ళు పట్టి కారుతున్నాయో లేదో పరీక్షించే ఆవిడ. బస్టాండులో పట్టుకుని అడిగాను, ఏం తక్కువ చేశామండీ అని.

"నువ్వేం తక్కువ చేయలేదమ్మా. మీ ఊరే మమ్మల్ని చూసి తలుపేసుకుంటుంది" అంది.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి నాన్నా. మన వీధివాళ్ళు ఎంత మర్యాదగా ఉన్నారో నాకు తెలుసు. వాళ్ళు దిగిన రోజు ఎవరూ కిటికీలోంచి తొంగి కూడా చూడలేదు. పిన్ని తన కోళ్ళు వాళ్ళ వాకిట్లోకి వెళ్ళకుండా తడిక కట్టించింది. నేను ఒకసారి వెళ్ళి పలకరించి వద్దామంటే అమ్మ ఆపింది. "కొత్తగా వచ్చినవాళ్ళు. సర్దుకోనీ. వాళ్ళంతట వాళ్ళు పలకరించేదాకా మీద పడకూడదు" అంది. ఇంతకంటే ఎవరైనా ఏం చేస్తారు?

ఆవిడ్ని బతిమాలి ఆ రోజుకి ఆపాను. మేనేజరమ్మ మాత్రం నిన్న తేల్చి చెప్పింది, మరో నలుగురు వెళితే మిషన్లు విప్పిస్తానని. మన ఊరు గొప్పదని చెప్పి పిలిచింది నేను. ఇప్పుడు రోడ్డు మీద నడవాలంటే సిగ్గుగా ఉంది.

నీ కూతురు


చిట్టితల్లికి నాన్న రాయించేది.

సిగ్గెందుకు? తల ఎత్తుకుని నడువు. కంపెనీని కొండెక్కించిన పిల్లవి.

బస్టాండులో ఆవిడ అన్న మాట విన్నాక నేనిక్కడికి వచ్చిన మొదటి సాయంత్రం గుర్తొచ్చింది. గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. వెనక్కి వెళ్ళే బస్సు ఎక్కడ ఆగుతుందో అప్పటికే కనుక్కుని పెట్టుకున్నాను. ఇంతలో ఈ పొడుగు తలుపు తోసుకుని వచ్చి, నా మంచం మీద కూర్చుని, నా డబ్బాలో చెయ్యిపెట్టి తింటూ, "ఏ ఊరన్నా? పిల్లలెంతమంది?" అన్నాడు. ఛీ, వీడికి బొత్తిగా మర్యాద తెలీదనుకున్నాను. నీ గురించి చెప్పడం మొదలుపెట్టాను. మర్నాడు ఆ బస్సు సంగతే మర్చిపోయాను.

(పొడుగు: నాకు ఆకలేసింది, అంతే.)

మనవాళ్ళు, వాళ్ళు పలకరిస్తే పలకరిద్దామని చూస్తున్నారు. పిలవకుండా ఎలా వెళతామని వాళ్ళు కూర్చున్నారు. రెండువైపులా పెద్దమనుషులే, మధ్యలో కంపెనీ పోతోంది. ముందు మీ అమ్మని పంపు. మీ అమ్మ ఒక గడప దాటిందంటే వెనక వీధంతా దాటుతుంది.

(ఇంకో సంగతుంది అమ్మాయ్. రాస్తానంటే మీ నాన్న రాయొద్దంటున్నాడు. సరే, రాయను. వచ్చినప్పుడు చెబుతాను.)

నాన్న


ప్రియమైన నాన్నకి,

ముందు అమ్మ సంగతి చెబుతాను. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "ఊరికే వెళ్ళి నిలబడితే ఏం బాగుంటుంది? ఏదో ఒక పని ఉండాలి కదే" అంది. మర్నాడు ఆదివారం మన పెరట్లో కారుతున్న కుళాయి ఊడబీకి, కొంగులో చుట్టుకుని క్వార్టర్లకి బయల్దేరింది. ఆ పరీక్షలావిడ తలుపు తట్టి, "మీరు కుళాయిలవాళ్ళట కదమ్మా, దీని సంగతేంటో కాస్త చూడండి" అంది. ఆవిడ చూసి, లోపలి వాషరు అరిగిందని మార్చి, మన ఇంటికొచ్చి మళ్ళీ బిగించింది. అమ్మ కూర్చోబెట్టి భోజనం పెట్టింది. ఆవిడకి ఇద్దరు ఆడపిల్లలనీ, పెద్దది లెక్కల్లో దిట్టనీ ఆ పూటే తెలిసింది.

అది చూసి పిన్ని తన కుళాయి పట్టుకెళ్ళింది. ఆ వెనక మూలింటి తాతయ్య. మన వీధిలో ఇన్ని కుళాయిలు కారుతున్నాయని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. సగం అంతకుముందు రోజుదాకా బాగానే ఉన్నాయని నా అనుమానం. తాతయ్య కుళాయిని చూసి ఫిట్టరొకడు, "ఇది కారట్లేదు కదా తాతా" అంటే, "కారబోతుంది, చూస్తుండు" అన్నాడట. పిన్ని తడిక పీకేసింది. ఆవిడ కోళ్ళు ఇప్పుడు పగలంతా క్వార్టర్లలోనే.

ఆ తర్వాత ఒక్కరు కూడా బస్సెక్కలేదు. పరీక్షలావిడ పిల్లల్ని తెచ్చుకుని మన బళ్ళో చేర్చింది. చలికాలం అయిపోయింది. పోయిన వారం మేనేజరమ్మ రెండో షెడ్డుకి కొబ్బరికాయంత రాయి ఒకటి నా చేత పునాదిలో వేయించింది. అమ్మ ముందు వరసలో నిలబడి, పక్కవాళ్ళకి చూపించి మరీ, "మా పిల్లే" అంది. అందరికీ తెలిసిన సంగతే కదా అది.

ఇంక అసలు సంగతి. నిన్న సాయంత్రం ఒక మనిషి తలుపు తోసుకుని మన ఇంట్లోకి వచ్చాడు. గుమ్మానికి తల కొట్టుకుని, రుద్దుకుంటూ మంచం మీద కూలబడి, "వదినా, ఆకలేస్తోంది" అన్నాడు. అమ్మ అరవబోయి ఆగింది. "పొడుగా?" అంది.

రెండో జట్టులో వచ్చాడట, కొత్త షెడ్డు లేచేదాకా పాతదాంట్లోనే పని. ఆయన ఒక్కడే కాదు, మీ గదివాళ్ళు, మీ మెస్సులో తినేవాళ్ళు, మీ గేటు ముందు టీ కొట్టు దగ్గర నిలబడేవాళ్ళు కూడా ఉన్నారు. నువ్వు నా ఉత్తరాలు అన్నిచోట్లా చదివించావట. మనుషుల్ని నేను రప్పిస్తున్నానని ఆఫీసులో అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. రప్పించింది ఎవరో నాకు నిన్న తెలిసింది.

"మరి నాన్న ఎందుకు రాలేదు బాబాయ్?" అన్నాను.

"పిలిస్తే కదమ్మా" అన్నాడు. "నీ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ చివరిదాకా చదివించుకుని, 'ఇంకేం రాయలేదా? వెనక చూడు' అనేవాడు. వెనక ఏమీ ఉండేది కాదు."

లేత్ మిషన్ల గురించి రాసి, ఊరికే చెబుతున్నానన్నాను. కుర్రాళ్ళకి పనికొస్తాయని నువ్వన్నాక, రమ్మంటే నీ మాటకి అడ్డొచ్చినట్టు ఉంటుందనుకున్నాను. రావాలనుంటే నువ్వే చెబుతావని చూశాను. నువ్వేమో నేను పిలుస్తానని చూశావు. వీధి మొత్తానికి దారి చెప్పిన మనం మన గడప దగ్గరే ఆగిపోయాం.

కూతురు పని ఇప్పించిందంటారని నీ భయమట, అదీ బాబాయే చెప్పాడు. లేత్ పరీక్ష కంపెనీ ఫోర్‌మన్ పెడతాడు. ఆ గదిలోకి నన్ను రానివ్వరు. నువ్వు తప్పితే ఆయన తిప్పి పంపిస్తాడు, నేను ఒక్క మాట మాట్లాడను. కానీ నువ్వు తప్పవు.

అందుకని పిలుస్తున్నాను నాన్నా. రా. అమ్మ పిలుస్తోంది, పిన్ని పిలుస్తోంది, కారబోయే కుళాయి తాతయ్య కూడా పిలుస్తున్నాడు. నువ్వు దిగిన సాయంత్రం తలుపు వేసుకుని కూర్చుందామనుకోకు, వీధి అంతా వస్తుంది.

పరీక్ష ఇరవై రెండున. ఇరవయ్యో తేదీలోపు నాకు జవాబు కావాలి. నీకు ఉత్తరాలు రాసిపెట్టే మనిషి ఇక్కడ మన మంచం మీద నిద్రపోతున్నాడు. కాబట్టి ఈ ఉత్తరం మాత్రం అక్కడి మీ ఫోర్‌మన్ గారితో చదివించుకుని, జవాబు నువ్వే మోసుకురా.

ఎదురుచూస్తూ,
నీ కూతురు