లినక్స్‌లో తెరుచుకోని కేటలాగు

అమలాపురం, 14 జులై 2004, రాత్రి

"వచ్చే నెలకల్లా ఫ్యాక్టరీ క్లాసు రాసేస్తానండి బావగారూ" అని మా బావమరిది సుబ్బరాజు మాట ఇచ్చి ఏళ్ళు గడిచాయి. రాయకుండానే పోయాడు.

ఈరోజు కొత్తపేట లైబ్రరీ నుంచి రత్నకుమారిగారు ఫోన్ చేశారు. "మేష్టారూ, కొత్త కంప్యూటర్లొచ్చేయండి. విండోస్ కాదట, అన్నీ లినక్సేనటండి. మీ తెలుగు కేటలాగు తెరుచుకోవట్లేదండి."

"తెరుచుకోదమ్మా."

"పోన్లెండి, ఇంగ్లీషుది పెట్టేస్తున్నారు. ఇంగ్లీషు రాని పెద్దాళ్ళకి నేనే వెతికిస్తాలెండి."

"అలాగే కానివ్వండి."

"ఆయ్."

నేనూ సుబ్బరాజూ కలిసి లైబ్రరీల కోసం చేసిన ఈ కేటలాగు ప్రోగ్రాం వాడుతున్న ఆఖరి లైబ్రరీ అదే.

దాన్ని రాసే రోజుల్లోనే వాడికి చెప్పాను: తెర మీద నొక్కే బటన్ కావలసినప్పుడల్లా ప్రోగ్రాం తనలోనే ఫ్యాక్టరీ క్లాసు అనే ఒక భాగాన్ని అడగాలన్నాను. విండోస్ మిషనైతే అది విండోస్ బటన్ ఇస్తుంది, లినక్స్ అయితే లినక్స్‌ది. కొత్త రకం మిషను వస్తే కొత్త ఫ్యాక్టరీ ఒకటి రాస్తే చాలు, మిగతా ప్రోగ్రాం జోలికి పోనక్కర్లేదు. వాడు నవ్వాడు.

"కొబ్బరిపీచుకైతే ఫ్యాక్టరీ కావాలి గానీ, బటన్‌కెందుకండీ? మీరు పుస్తకాలు మరీ ఎక్కువ చదివేస్తున్నారు."

నేను పట్టుబడితే వచ్చే నెల, వచ్చే నెల అంటూనే ప్రతి తెరలోనూ నేరుగా విండోస్ బటన్లే పెట్టాడు. అవన్నీ విప్పి తిరగరాయడానికి ఇప్పుడు నా చూపు ఆనదు. తెలుగులో టైపు చేసి పుస్తకం తామే వెతుక్కున్న ముసలివాళ్ళు రేపటినుంచి ఎవరినో అడగాలి.

భోజనాల దగ్గర మా ఆవిడ, "పోయినవాణ్ణి ఇంకా ఎందుకండీ తిట్టుకుంటారు?" అంది. ఆమె తమ్ముడు మరి.

పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదని నేను చదివిన పుస్తకాలన్నీ చెబుతాయి. వాటిని రాసినవాళ్ళెవరికీ సుబ్బరాజు బావమరిది కాడు.